క్రూయిజ్‌లో గ్లూటెన్ లేని భోజనం: ఏ ఓడ ఎంచుకోవాలి, ఓడలో ఎక్కడ తినాలి?

ఇంట్లో గోధుమ పడని మనిషి ఉంటే, క్రూయిజ్ మాట రాగానే వచ్చే మొదటి ప్రశ్న "ఏ కంపెనీ మంచిది?" అని. వేసవిలో అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళి అలాస్కానో బహామాసో చూద్దామనుకునే అమ్మానాన్నలు, హైదరాబాద్ నుంచి సింగపూర్ వెళ్ళి అక్కడ ఓడెక్కాలనుకునే కుటుంబాలు, చెన్నై నుంచో విశాఖ నుంచో చిన్న ట్రిప్ చూసుకునే కొత్త జంటలు, అందరూ ఇక్కడే ఆగిపోతారు.

కంపెనీ పేరుని మూడో స్థానంలో పెట్టమంటాను. మొదట చూడాల్సింది, మీ ప్లేటు బాధ్యత తీసుకునే మనిషి రోజూ ఒకరే ఉంటారా లేదా అన్నది. రెండోది, ఓడలో మీరు ఏ చోట తింటారన్నది. ఈ రెండూ కుదిరితే మామూలు ఓడలో కూడా నిశ్చింతగా తినొచ్చు. కుదరకపోతే లక్షలు పోసి ఎక్కిన ఓడలో కూడా పూటపూటకీ టెన్షనే. మా ఇంట్లో సీలియాక్ ఉన్న అమ్మాయి ఉంది. అందుకే ఈ విషయంలో "పర్వాలేదులే" అనే మాట నాకు నచ్చదు. ఆ కట్టుదిట్టంతోనే ఇది రాస్తున్నాను.

## ముందు మీకున్న ఇబ్బంది ఏ రకమో తేల్చుకోండి

సీలియాక్ ఉన్నవాళ్ళకి గోధుమ, బార్లీ, రై గింజల్లోని గ్లూటెన్ అనే ప్రోటీన్ లోపలికి వెళితే శరీరం తన చిన్నపేగు మీదే దాడి చేసుకుంటుంది. దీనికి మందు లేదు, జీవితాంతం గ్లూటెన్ మానేయడం ఒక్కటే దారి. ఎంత తక్కువైనా లెక్కలోకి వస్తుంది. గ్లూటెన్ ఫ్రీ అని రాసుకోవాలంటే కిలో ఆహారంలో 20 మిల్లీగ్రాములు మించకూడదన్నది అమెరికా, యూరప్, మన దేశం మూడూ పెట్టుకున్న హద్దు. రోజు మొత్తం మీద 10 మిల్లీగ్రాముల లోపు ఉంటే చాలామందికి హాని ఉండదని వైద్యులు చెబుతారు. మామూలు గోధుమ బ్రెడ్ స్లైస్ ఒక్కదానిలోనే 2,000 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. అంటే ఆ స్లైసులో రెండు వందల్లో ఒక వంతు ప్లేటులో రాలినా ఆ రోజు హద్దు దాటినట్టే. కాబట్టి వీళ్ళకి ఏం వండారన్నదెంతో, ఏ గరిటెతో కలిపారన్నదీ అంతే ముఖ్యం.

గోధుమ ఎలర్జీ వేరే వ్యవహారం. అది నిమిషాల్లో ఊపిరాడని స్థితికి తీసుకెళ్ళవచ్చు. డాక్టరు రాసిన ఎపినెఫ్రిన్ ఇంజెక్షన్ (తీవ్రమైన ఎలర్జీకి వెంటనే వేసుకునే అత్యవసర మందు) ఎప్పుడూ ఒంటి మీదే ఉండాలి, కేబిన్‌లో పెట్టి రాకూడదు. వీళ్ళకి ఇంకో చిక్కుంది. యూరప్‌లో అమ్మే కొన్ని గ్లూటెన్ ఫ్రీ బ్రెడ్లు, బిస్కెట్లు గ్లూటెన్ తీసేసిన గోధుమ పిండిపదార్థంతో చేస్తారు. సీలియాక్ ఉన్నవాళ్ళు అవి తినొచ్చు, గోధుమ ఎలర్జీ ఉన్నవాళ్ళకి అవి ప్రమాదం. వెయిటర్‌తో "గ్లూటెన్ ఫ్రీ" అని మాత్రమే చెప్పి ఊరుకుంటే ఈ తేడా వంటింటిదాకా వెళ్ళదు. "గోధుమ ఎలర్జీ" అని విడిగా చెప్పాలి.

ఇక గోధుమ తింటే కడుపు ఉబ్బరంగా ఉంటుందని మానేసినవాళ్ళు మూడో రకం. వీళ్ళకి చాలా వెసులుబాటు ఉంది. కానీ మీరు ఈ మూడో రకమైతే వెయిటర్ దగ్గర సీలియాక్ అని చెప్పి, చివర్లో "ఆ కేకు ఒక్క ముక్క ఇవ్వండి" అనకండి. మీ తర్వాత వచ్చే సీలియాక్ మనిషి మాట ఆ వెయిటర్ అంత గట్టిగా పట్టించుకోడు.

## దేన్ని బట్టి పోల్చాలి

బ్రోషర్లలో అన్ని కంపెనీలూ "గ్లూటెన్ ఫ్రీ దొరుకుతుంది" అనే రాస్తాయి. పూర్తి గ్యారంటీ మాత్రం దాదాపు ఎవరూ ఇవ్వరు, ఒకే వంటింట్లో గోధుమ కూడా వాడుతున్నామని షరతుల్లో రాసే ఉంటుంది. అందుకే ఆ ఒక్క ముక్క చూసి పోల్చలేం. బుకింగ్ ముందు ఫోన్ చేసి అడగాల్సినవి వేరే ఉన్నాయి.

రాత్రి భోజనానికి ఫిక్స్‌డ్ టైమ్, ఫిక్స్‌డ్ టేబుల్ ఉన్నాయా? రేపటి మెనూ ఈ రాత్రే చూపించి ఆర్డర్ తీసుకుంటారా? గ్లూటెన్ లేని వంటకి విడి బోర్డు, విడి పాత్ర, వేయించడానికి విడి నూనె వాడతారా? పొద్దున్న టిఫిను, మధ్యాహ్న భోజనం కూడా కూర్చోబెట్టి వడ్డించే చోట దొరుకుతాయా, లేక ఆ రెండు పూటలూ బఫే ఒక్కటేనా? ఈ చివరి ప్రశ్న చాలామంది అడగరు. రాత్రి భోజనం అన్ని ఓడల్లోనూ ఏదో ఒకలా కుదురుతుంది. ఇబ్బందంతా మిగతా రెండు పూటలతోనే.

ఎన్ని రోజుల ముందు చెప్పాలో కూడా కనుక్కోండి. కంపెనీని బట్టి, వెళ్ళే చోటుని బట్టి ఈ గడువు మారుతుంది. ఏజెంటు ద్వారా బుక్ చేస్తే, మీ పేరు పక్కన ఆ విషయం ఎక్కిందని రాతపూర్వకంగా తెప్పించుకోండి. "చెప్పేశానండీ" అన్న మాట చాలదు. విమానంలో గ్లూటెన్ లేని భోజనానికి మళ్ళీ విడిగా చెప్పుకోవాలి, ఓడవాళ్ళకి చెప్పింది విమానంవాళ్ళకి తెలియదు.

## ఓడలో ఎక్కడ తినాలి

ఇదే అసలు ఎంపిక. ఒకే ఓడలో ఒక చోట నిశ్చింతగా తినొచ్చు, పది అడుగుల అవతల అదే కూర ముట్టుకోకూడదు.

| ఎక్కడ | ప్లేటు ఎవరి చేతిలో | పెద్ద ప్రమాదం | ఎవరికి నప్పుతుంది |
|---|---|---|---|
| మెయిన్ డైనింగ్ రూమ్, ఫిక్స్‌డ్ టైమ్ | రోజూ అదే వెయిటర్, అదే హెడ్ వెయిటర్ | సాస్‌లు, సూపుల్లో మైదా | సీలియాక్, గోధుమ ఎలర్జీ |
| మెయిన్ డైనింగ్ రూమ్, నచ్చిన టైమ్ | రోజుకో మనిషి | ప్రతిసారీ మొదటి నుంచి చెప్పాలి | ఓపికగా వివరించగలవాళ్ళు |
| డబ్బు కట్టి తినే రెస్టారెంట్ | చిన్న వంటిల్లు, అడిగాక వండేది | సోయా సాస్, ఒకే నూనె | గ్రిల్ చేసిన చేప, మాంసం తినేవాళ్ళు |
| బఫే | ఎవరి చేతిలోనూ లేదు | గరిటెలు మారిపోవడం | కడుపు ఉబ్బరం వరకే ఉన్నవాళ్ళు |
| రూమ్ సర్వీస్ | ఫోన్ ఎత్తినవాళ్ళు | ఆర్డర్ సగమే చేరడం | పండ్లు, ఉడికిన గుడ్లు లాంటి వాటికి |
| పూల్ పక్కన బర్గర్లు, పిజ్జా | హడావుడిలో ఉన్న కుర్రాళ్ళు | ఒకే పెనం, ఒకే ఓవెన్, పిండి దుమ్ము | సీలియాక్ ఉన్నవాళ్ళు దాటేయాలి |

బఫే గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, మనవాళ్ళు ఎక్కువగా వెళ్ళేది అక్కడికే కాబట్టి. అన్నం ట్రే, దాని పక్కన నూడుల్స్ ట్రే. ఒకాయన నూడుల్స్ పట్టకారుతో వేసుకుని, అన్నం గరిటె దొరక్క అదే పట్టకారుతో అన్నం కూడా తీసుకుంటాడు. రెండు నూడుల్ పోగులు అన్నం మీద పడతాయి. తర్వాత వచ్చిన ఆవిడ వాటిని పక్కకి నెట్టి వడ్డించుకుంటుంది. మూడో మనిషికి పైకి తెల్లటి అన్నమే కనిపిస్తుంది. ట్రే మీద "గ్లూటెన్ ఫ్రీ" అని చీటీ ఉన్నా, అది వంటింట్లోంచి బయటికి వచ్చిన నిమిషానికే నిజం.

టిఫిను దగ్గర ఇంకా కష్టం. ఇడ్లీ కనిపించింది కదా అని సంబరపడతాం, అది రవ్వ ఇడ్లీ కావచ్చు. ఆమ్లెట్ వేసే చోట అదే పెనం మీద పాన్‌కేక్ కూడా వేసి ఉండొచ్చు. ఆమ్లెట్ మెత్తగా పొంగాలని కొందరు పాన్‌కేక్ పిండి కొంచెం కలుపుతారు కూడా. వెన్నలో బ్రెడ్ పొడి ఉంటుంది, టోస్టర్‌లో చెప్పక్కర్లేదు.

బఫేకి వెళ్ళక తప్పనప్పుడు రెండు పనులు చేయండి. తలుపులు తెరవగానే, ఇంకా ఎవరూ ముట్టుకోకముందే వెళ్ళండి. అక్కడి సూపర్‌వైజర్‌ని పిలిచి వెనక వంటింట్లోంచి విడిగా తెప్పించమని అడగండి. పెద్ద ఓడల్లో ఇది మామూలుగా చేసే పనే, మొహమాటపడొద్దు. కొన్ని ఓడల్లో కడుపు జబ్బులు వ్యాపించకుండా ఉండేందుకు ప్రయాణం మొదటి ఒకటి రెండు రోజులు సిబ్బందే వడ్డిస్తారు. ఆ రోజుల్లో బఫే కొంత నయం.

ఎక్కిన రోజు మధ్యాహ్నం అందరినీ బఫేకే పంపుతారు, అప్పుడే జనం కూడా ఎక్కువ. ఆ పూటకి మెయిన్ డైనింగ్ రూమ్ తెరిచి ఉంటుందా అని ముందే అడగండి. లేకపోతే ఆ ఒక్క పూటకీ మీ దగ్గరున్న ప్యాకెట్‌తో సరిపెట్టుకోండి. ఆ టైములోనే డైనింగ్ రూమ్‌కి వెళ్ళి హెడ్ వెయిటర్‌ని కలవండి. సాయంత్రం రద్దీలో చెప్పే మాటకన్నా మధ్యాహ్నం ఖాళీగా ఉన్నప్పుడు చెప్పింది బాగా గుర్తుంటుంది.

రెండో రోజు నుంచి పద్ధతి ఇలా సాగుతుంది: రాత్రి భోజనం అవుతుండగా మీ వెయిటర్ రేపటి మెనూ తెస్తాడు. మీరు ఎంచుకున్నదాన్ని వంటింట్లో విడిగా చేసి పెడతారు. సూపుని మైదా వేయకుండా, చేపని పిండి అద్దకుండా ముందే వండే వీలు దొరుకుతుంది. అప్పటికప్పుడు అడిగితే "ఇది మీరు తినకూడదు" అని మాత్రమే చెప్పగలరు. ముందురోజు చెబితే మీరు తినగలిగేలా చేసివ్వగలరు. ఫిక్స్‌డ్ టైమ్ తీసుకోమని ఇంతగా చెప్పేది ఇందుకే. సాయంత్రం ఆరింటికే భోజనమా అని మనవాళ్ళు విసుక్కుంటారు గానీ, సీలియాక్ ఉన్నవాళ్ళకి ఆ పట్టింపు వదులుకోదగ్గదే.

## ఏ రకం ఓడ

ఫిక్స్‌డ్ డైనింగ్ ఉన్న పెద్ద ఓడలు. రాయల్ కరీబియన్, సెలబ్రిటీ, ప్రిన్సెస్, హాలండ్ అమెరికా, కార్నివాల్ లాంటివి. వేల మందికి వండే వంటిళ్ళు, అందువల్ల ఇలాంటి కోరికలు వాళ్ళకి కొత్త కాదు. గ్లూటెన్ లేని బ్రెడ్, పాస్తా స్టోర్‌లో ఉంటాయి. అలాస్కాకి అమ్మానాన్నలతో వెళ్ళేవాళ్ళకి ఇవే మొదటి ఎంపిక. లోటేమిటంటే, మీరు వేలల్లో ఒకరు. మొదటి రోజు గట్టిగా పరిచయం చేసుకోకపోతే మీ పేరు పక్కన రాసిన మాట కాగితం మీదే ఉండిపోతుంది.

డిస్నీ. రోజుకో రెస్టారెంట్‌లో తింటారు గానీ వెయిటర్లు కూడా మీతోపాటే మారతారు. పిల్లలకి సీలియాక్ లేదా ఎలర్జీ ఉంటే ఇంతకన్నా మంచి ఏర్పాటు లేదు. రెండో రోజుకల్లా ఆ వెయిటర్ పిల్లని పేరు పెట్టి పిలుస్తాడు, ఏం తింటుందో అతనికే గుర్తుంటుంది. ధర మాత్రం మిగతావాటికన్నా బాగా ఎక్కువ. ఇద్దరు పిల్లలున్న కుటుంబానికి ఆ తేడా పెద్దదే. పిల్లకి సమస్య తీవ్రంగా ఉంటే, రోజులు తగ్గించుకునైనా ఇదే తీసుకోమంటాను.

ఎక్కడైనా, ఎప్పుడైనా తినే ఓడలు. నార్వేజియన్‌లో ఫిక్స్‌డ్ టేబుల్ అన్నది లేదు. స్వేచ్ఛ ఎక్కువ, అదే మనకి ఇబ్బంది కూడా. ప్రతి పూటా కొత్త మనిషికి మొదటి నుంచి చెప్పుకోవాలి. తప్పనిసరిగా ఇదే ఎక్కాల్సి వస్తే, మీరే ఒక రెస్టారెంట్ ఎంచుకుని రోజూ అదే టైముకి, అదే వెయిటర్ టేబుల్ అడిగి కూర్చోండి. వర్జిన్ వాయేజెస్ సంగతి కొంచెం వేరు. అక్కడ బఫే లేదు, అడిగాకే వండి ఇస్తారు. గరిటెల గొడవ చాలావరకు పోతుంది. పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళనే ఎక్కించుకుంటారు, కాబట్టి పిల్లలతో వెళ్ళేవాళ్ళకి కుదరదు.

నది మీద తిరిగే చిన్న ఓడలు. యూరప్‌లో డాన్యూబ్, రైన్ నదుల మీద నడిచేవి. వైకింగ్ వాళ్ళ పొడుగాటి ఓడల్లో 190 మందే ఉంటారు. షెఫ్ మీ టేబుల్ దగ్గరికొచ్చి మాట్లాడతాడు. ఆ దగ్గరితనం పెద్ద ఓడలో దొరకదు. కానీ వంటిల్లు చిన్నది, రొట్టెలు అక్కడే కాలుస్తారు, సరుకు అయిపోతే తర్వాతి ఊరు వచ్చేదాకా ఆగాలి. శాకాహారం, గ్లూటెన్ లేకపోవడం రెండూ కలిస్తే మెనూ బంగాళాదుంప, సలాడ్ చుట్టూ తిరిగే అవకాశం ఎక్కువ. చేప, మాంసం తినే దంపతులకి ఇది చక్కటి ఎంపిక. శాకాహారులైన పెద్దవాళ్ళకి నేను చెప్పను.

సింగపూర్ నుంచి వెళ్ళేవి. జెంటింగ్ డ్రీమ్‌లో మన దేశపు శాకాహారం దొరుకుతుంది, అందుకే హైదరాబాద్ ఏజెంట్లు ముందు దాన్నే చెబుతారు. అదే ఓడలో చైనా వంటలూ ఎక్కువే. మామూలు సోయా సాస్‌ని గోధుమతోనే చేస్తారు. ఫ్రైడ్ రైస్, స్టిర్ ఫ్రై, మంచూరియా, అన్నీ దాంతో తడిసినవే. అన్నంతో చేసినంత మాత్రాన అది మనకి పనికొచ్చేది కాదు.

మన తీరం నుంచి వెళ్ళేవి. కార్డీలియా వాళ్ళ ఎంప్రెస్ ఓడ 2022లో విశాఖ రేవు నుంచి కూడా ప్రయాణికులని ఎక్కించుకుంది. తక్కువ రోజులు, వీసా గొడవ లేదు, మన భాషలో కాకపోయినా హిందీలో మాట్లాడి ఒప్పించవచ్చు. అన్నం, పప్పు ఎటూ ఉంటాయి. కానీ మన దేశంలో ఎక్కే ఓడలో పూరీ, నాన్, రోటీ, పరాటా లేని పూట ఉండదు, పిండి దుమ్ము గాల్లోనే ఉంటుంది. పైగా దక్షిణాదిలో సీలియాక్ గురించి తెలిసినవాళ్ళు తక్కువ. పంజాబ్ వైపు గోధుమే ప్రధాన ఆహారం కాబట్టి అక్కడ ఈ జబ్బు ఎక్కువగా బయటపడింది. మన దగ్గర "ఒక్క ముక్క తింటే ఏమవుతుంది" అనే మాటే ఇంకా వినిపిస్తుంది. రెండు మూడు రాత్రుల ట్రిప్ అయితే వెళ్ళండి, సగం భోజనం ప్యాకెట్ల మీద ఆధారపడతానని ముందే అనుకుని వెళ్ళండి.

## మన వంటల కౌంటర్: ధైర్యం ఇచ్చేదీ, దెబ్బ తీసేదీ ఇదే

ఓడలో ఇండియన్ కౌంటర్ కనబడగానే ప్రాణం లేచొస్తుంది. అన్నం, పప్పు, సాంబారు, పెరుగు, వీటిలో గోధుమ ఎక్కడుంటుంది అనిపిస్తుంది. ఉంటుంది, ఇంగువలో. బజార్లో దొరికే ముద్ద ఇంగువ, పొడి ఇంగువ చాలావరకు అచ్చమైన ఇంగువ కావు. ఘాటు తగ్గించడానికి, పొడిగా నిలవడానికి వాటిలో జిగురుతోపాటు గోధుమ పిండో మైదానో కలుపుతారు. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది. పప్పు తాలింపు, సాంబారు, రసం, పులిహోర, పెరుగన్నం పోపు, పచ్చళ్ళు, పొడులు, అన్నిటిలోకీ ఆ చిటికెడు చేరుతుంది. చిటికెడే కదా అనుకోవద్దు, పైన చెప్పిన పది మిల్లీగ్రాముల లెక్క గుర్తు చేసుకోండి.

ఇక్కడే జైన్ భోజనం గురించి చెప్పాలి. చాలా ఓడల్లో జైన్ మీల్ అడిగితే ఇస్తారు, శాకాహారం కాబట్టి శుభ్రంగా ఉంటుందని మనవాళ్ళు అదే రాయిస్తారు. జైన్ వంటలో ఉల్లి, వెల్లుల్లి వేయరు కాబట్టి వాటి బదులు ఇంగువ ఇంకా ఎక్కువ పడుతుంది. రోటీలు సరేసరి. జైన్ అని రాయించుకుంటే గ్లూటెన్ సమస్య తీరదు, ఒక్కోసారి పెరుగుతుంది. మీకు రెండూ కావాలంటే రెండూ విడివిడిగా రాయించి, ఇంగువ వేయకుండా తాలింపు పెట్టమని ప్రత్యేకంగా చెప్పండి.

ఓడల వంటిళ్ళలో గోవా, కేరళ, ముంబై కుర్రాళ్ళు చాలామంది పని చేస్తారు. ఇది మనకి పెద్ద వరం. "పోపులో ఇంగువ వద్దు బాబూ, డబ్బాలో మైదా ఉంటుంది" అంటే వాళ్ళకి అర్థమవుతుంది. అదే మాట ఇండోనేషియా వెయిటర్‌కి చెప్పడానికి అయిదు నిమిషాలు పడుతుంది. ఇండియన్ షెఫ్ ఉన్నారా అని మొదటి రోజే అడిగి కలవండి. ఇంగువ డబ్బా చూపించమని అడగడానికి సంకోచించొద్దు, విసుక్కోకుండా తెచ్చి చూపించేవాళ్ళే ఎక్కువ.

మిగతావి మీకు తెలిసినవే: ఉప్మా, సేమియా, రవ్వ దోశ, రవ్వ కేసరి, బొబ్బట్లు, కాజాలు. తెలియకుండా దెబ్బ తీసేవి పూరీ వేయించిన నూనెలో వేసిన అప్పడాలు, పకోడీలు. శనగపిండే అయినా ఆ నూనెలో గోధుమ చేరి ఉంటుంది. మాల్ట్ కలిసిన కార్న్‌ఫ్లేక్స్, హార్లిక్స్ లాంటి పానీయాలు బార్లీ నుంచి వచ్చినవి. ఫ్రెంచ్ ఫ్రైస్‌ని చికెన్ నగెట్స్ వేయించిన నూనెలోనే వేస్తారు. పీత మాంసం అని సలాడ్‌లో కనిపించే ఎర్రటి కడ్డీలు చేప ముద్దతో చేసినవి, వాటిలో తరచూ గోధుమ పిండిపదార్థం ఉంటుంది.

## సంచిలో ఏం పెట్టుకోవాలి, ఏది వద్దు

చాలా కంపెనీలు సీలు తీయని ప్యాకెట్లు అనుమతిస్తాయి, ఇంట్లో వండినవి అనుమతించవు. అమ్మ కట్టిచ్చిన పులిహోర, జాడీలో ఆవకాయ గేటు దగ్గరే ఆగిపోతాయి. రైస్ కుక్కర్, ఎలక్ట్రిక్ కెటిల్, హీటింగ్ రాడ్ అస్సలు పెట్టుకోకండి. నిప్పు ప్రమాదం పేరుతో వాటిని తీసేసుకుని దిగేటప్పుడు ఇస్తారు. బ్రిటన్ ప్రయాణికుల కోసం నడిచే కొన్ని ఓడల్లో గదిలోనే కెటిల్ ఉంటుంది, మిగతావాటిలో వేడినీళ్ళు బఫే దగ్గర పట్టుకోవచ్చు.

వేడినీళ్ళతో అయ్యే అటుకుల కప్పులు గ్లూటెన్ ఫ్రీ అని రాసి ఉన్నవి, పల్లీ చిక్కీ, గ్లూటెన్ లేని సోయా సాస్ చిన్న పొట్లాలు, టోస్టర్‌లో పెట్టుకునే సంచులు సరిపోతాయి. వీటికన్నా పనికొచ్చేది ఒకటుంది: ఇంగువ లేని, సీలున్న కందిపొడి ప్యాకెట్. మెయిన్ డైనింగ్ రూమ్‌లో విడిగా వండిన తెల్లన్నం, కరిగించిన వెన్న అడిగి తెప్పించుకుంటే ఏ సముద్రం మీదైనా భోజనం అయిపోయినట్టే. పెద్దవాళ్ళు మూడో రోజుకల్లా అడిగేది కూడా అదే.

గ్లూటెన్‌ని కరిగిస్తాయని అమ్మే ఎంజైమ్ బిళ్ళలని నమ్ముకోవద్దు. సీలియాక్ ఉన్నవాళ్ళని అవి కాపాడవు. చేతులకి రాసుకునే శానిటైజర్ కూడా గ్లూటెన్‌ని పోగొట్టదు. సబ్బు, నీళ్ళతో కడుక్కోవాల్సిందే.

## ఓడ దిగిన రోజు

రేవుల్లో దిగి తినడం విషయంలో యూరప్ మిగతా చోట్లకన్నా మేలు. అక్కడి చట్టం ప్రకారం 2014 డిసెంబర్ నుంచి హోటళ్ళు కూడా గ్లూటెన్ గింజలతో సహా 14 రకాల ఎలర్జీ పదార్థాల సమాచారం ఇవ్వాలి. ఇటలీలో సీలియాక్ సంఘం శిక్షణ ఇచ్చిన రెస్టారెంట్ల జాబితానే ఉంది. రోమ్ రేవులో దిగితే ముందే చూసుకుని వెళ్ళండి. అమెరికాలో ప్యాకెట్ల మీద గోధుమ ఉంటే తప్పకుండా రాయాలి గానీ, బార్లీ, రై గురించి ఆ నియమం లేదు. "గోధుమ లేదు" అన్నది చూసి కొనకండి, "గ్లూటెన్ ఫ్రీ" అన్న మాట ఉందో లేదో చూడండి.

కరీబియన్ దీవుల్లో కంపెనీల సొంత బీచ్‌లకి తీసుకెళతారు. అక్కడి భోజనం బఫే లాంటిదే. ముందురోజే హెడ్ వెయిటర్‌కి చెబితే విడిగా ప్యాక్ చేసి పంపమని అడగొచ్చు. ఓడలోంచి పండ్లు, మాంసం బయటికి తీసుకెళ్ళకండి. చాలా దేశాల్లో నిషేధం, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో జరిమానాలు గట్టిగా వేస్తారు.

## నన్నడిగితే

పిల్లకి సీలియాక్ ఉండి డబ్బుకి ఇబ్బంది లేకపోతే డిస్నీ. బడ్జెట్ చూసుకోవాలంటే ఫిక్స్‌డ్ టైమ్ ఇచ్చే పెద్ద అమెరికన్ ఓడ, మొదటి విడత భోజనం. శాకాహారులైన అమ్మానాన్నలకి కూడా అదే, ఇండియన్ షెఫ్ ఉన్నారని బుకింగ్ ముందే తేల్చుకుని. దంపతులు మాత్రమే వెళుతూ చేప, మాంసం తింటే నది ఓడ. గోధుమ ఎలర్జీ తీవ్రంగా ఉన్నవాళ్ళు రోజూ రేవులో ఆగే మార్గం ఎంచుకోండి. సముద్రం మధ్యలో రెండు రోజులు ఆగకుండా సాగే ప్రయాణంలో ఓడలోని చిన్న ఆస్పత్రి ఒక్కటే దిక్కు. మొదటిసారి వెళ్ళేవాళ్ళు ఎవరైనా సరే, ఏడు రోజులకి దూకకుండా మూడు నాలుగు రాత్రుల ప్రయాణంతో మొదలుపెట్టండి.

ఇంకొక్క విషయం, ఇది చాలామందికి తెలియదు. గ్లూటెన్ పొరపాటున లోపలికి వెళితే కొందరికి వాంతులు, విరేచనాలు అవుతాయి. ఓడల్లో సిబ్బంది అన్నిటికన్నా ఎక్కువ భయపడే నోరోవైరస్ లక్షణాలు కూడా అవే. ఆస్పత్రికి వెళ్ళి చెప్పగానే మిమ్మల్ని అంటువ్యాధి మనిషిగా లెక్కగట్టి కేబిన్ దాటనివ్వకపోవచ్చు. అందుకని వెళ్ళడం మానొద్దు, నిజంగానే వైరస్ అయ్యుండొచ్చు, నీరసించిపోతే సెలైన్ పెట్టాల్సి రావచ్చు. మీకు సీలియాక్ ఉందని, గ్లూటెన్ తగిలితే ఏయే లక్షణాలు వస్తాయో మీ డాక్టరు చేత ఇంగ్లీషులో లెటర్‌హెడ్ మీద రాయించుకోండి. ఎక్కిన రోజే దాని కాపీ ఒకటి ఓడ ఆస్పత్రిలో ఇచ్చి, ఇంకోటి హెడ్ వెయిటర్‌కి ఇవ్వండి.